మన మేడపైన మొబైల్ టవర్

గద్వాల సమీపంలోని ధరూర్ వంటి మండల కేంద్రమైనా, హైదరాబాదు పాతబస్తీ అయినా, మొబైల్ టవర్ వెలసిన వీధిలో ఒకే వివాదం వినబడుతుంది. మేడ అద్దెకిచ్చిన వారికి నెలనెలా ఆదాయం; పొరుగువారికి గుండెల్లో గుబులు. టవర్ దగ్గర కాపురముంటే క్యాన్సర్ తప్పదన్న వాట్సాప్ సందేశం ఇంటింటా తిరుగుతుంది. వార్త వచ్చినప్పుడు ముందు నిర్ధారించుకోవాలని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా ఆరవ ఆయతు ఆదేశిస్తున్నది. ఈ వార్తను కూడా ఆ విధంగానే పరిశీలించదలచాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చిన మాట నిజమే. అయితే అందుకు ఆధారమైనవి ప్రధానంగా చెవికి ఆనించుకునే ఫోను వాడకంపై జరిగిన అధ్యయనాలు. మన ప్రభుత్వం 2012 సెప్టెంబరు 1 నుండి టవర్ తరంగాల పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదోవంతుకు కుదించింది. 900 మెగాహెర్ట్జ్ వద్ద అది చదరపు మీటరుకు 0.45 వాట్లు.

ఆ పరిమితి మన వీధిలో పాటింపబడుతున్నదా? 2017 మే నెలలో కేంద్ర టెలికాం శాఖ ‘తరంగ్ సంచార్’ అనే పోర్టల్‌ను ప్రారంభించింది. అందులోని పటంలో మన ప్రాంతాన్ని వెదికితే చుట్టుపక్కల టవర్లు, అవి నిబంధనలకు లోబడి ఉన్నాయా లేదా అన్నది కనిపిస్తుంది. రుసుము చెల్లించి కోరితే సిబ్బంది వచ్చి మనం చూపిన చోట కొలిచి నివేదిక ఇస్తారు. ఆరంభంలో నిర్ణయించిన రుసుము 4,000 రూపాయలు. కూలి చేసుకునే కుటుంబానికి అది భారమే; వీధివారందరూ తలా కొంత వేసుకుంటే కాదు.

ఎక్కడ కొలిపించాలన్నది తెలిసి ఉండాలి. యాంటెన్నా కిరణం టార్చిలైటు వలె ఎదుటికి, స్వల్పంగా కిందికి వంగి సాగుతుంది. కనుక టవర్ పాదం వద్ద ఉన్నవారి కంటే, ఎదురుగా అదే ఎత్తులోని మేడగదిలో నిద్రించేవారి విషయం ముందు చూడాలి. దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుంది. మరొక మాట: సిగ్నల్ బలహీనమైన చోట ఫోనే అధిక శక్తితో ప్రసారం చేస్తుంది. టవర్‌ను తరిమివేసిన వీధిలో మన పిల్లల చెవి దగ్గరి తరంగం పెరిగే అవకాశమే ఎక్కువ!

మేడలు అద్దెకిచ్చే సోదరులకు, మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఒకటున్నది. సంతకానికి ముందే ఎదురింటివారిని పిలిచి, యాంటెన్నా ఏ దిక్కుకు తిరగనున్నదో చూపండి. అద్దె ఎంతైనా పొరుగువారి హక్కు దానితో తీరిపోదు. తరంగాలు పరిమితిలో ఉన్నాయని సంస్థ టెలికాం శాఖకు సమర్పించే స్వీయ ధ్రువపత్రం ప్రతిని అడిగి తీసుకోండి. అదే టవర్‌పై మరో సంస్థ యాంటెన్నా చేరితే లెక్క మారుతుంది. అప్పుడు కొత్త పత్రం అడగవలసి ఉంటుంది.