మైనస్ రెండు అంటే... చిన్నదా? పెద్దదా?

ఒక త్రిభుజాన్ని స్కేల్ ఫ్యాక్టర్ మైనస్ 2తో మారిస్తే ఏమవుతుంది? ఏ కోచింగ్ సెంటర్లోనైనా ఈ ప్రశ్న వేసి చూడండి. మైనస్ ఉంది కదా, చిన్నదవుతుందని ఒకరంటారు. అద్దంలో బొమ్మలా మారుతుందని ఇంకొకరు. అసలు పొడవు మైనస్ ఎలా అవుతుంది సార్ అని వెనక బెంచీ. నిజానికి ఆ త్రిభుజం రెండింతలు పెద్దదవుతుంది. కేంద్రానికి అవతలి వైపు వెళ్లి, 180 డిగ్రీలు తిరిగి కూర్చుంటుంది. అంతే. పోటీ పరీక్షలో ఒక్క మార్కు తేడాతో ఎన్ని ర్యాంకులు వెనక్కి పోతాయో మీకు చెప్పక్కర్లేదు. సిక్కోలు నుంచి అవనిగడ్డ దాకా వెళ్లి డీఎస్సీకి చదివేవారికైతే ఇంకో బాధ్యత కూడా ఉంది. రేపు పిల్లలకు దీన్ని చెప్పాల్సింది మీరే.

సూత్రం తర్వాత చూద్దాం. ముందు ఇంటి పైకప్పు చూడండి.

పాత పెంకుటింట్లో పెంకు కాస్త జరిగిన చోట సన్నటి కన్నం ఉంటుంది. మిట్టమధ్యాహ్నం అందులోంచి నేల మీద గుండ్రటి వెలుగు చుక్క పడుతుంది. కన్నం గుండ్రంగా లేకపోయినా చుక్క మాత్రం గుండ్రంగానే ఉంటుంది. ఎందుకంటే అది కన్నం ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. ఉద్దానంలో జీడితోటల కింద నేల మీద కనిపించే వెలుగు మచ్చల్లో చాలావరకు ఇవే. 2019 డిసెంబరు 26న, 2020 జూన్ 21న సూర్యగ్రహణాలప్పుడు చెట్ల కింద నెలవంకలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆకాశంలో సూర్యుడికి ఏ పక్క కోత పడిందో, నేల మీది బొమ్మలో దానికి ఎదురు పక్క పడుతుంది.

అరసవల్లిలో ఏటా మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు ఉదయపు కిరణాలు నేరుగా మూలవిరాట్ పాదాలను తాకుతాయి. ఆ దృశ్యం కోసం జనం తెల్లవారకముందే బారులు తీరతారు. కాంతి తిన్నగా సాగుతుంది కాబట్టే అది సాధ్యం. మన కన్నం లెక్కకూ ఆధారం అదే. సూర్యుడి పైఅంచు నుంచి బయల్దేరిన కిరణం కన్నంలోంచి దూరి కిందికి, కిందిఅంచు కిరణం పైకి వెళ్తాయి. కుడి ఎడమలూ అంతే. కన్నమే కేంద్రం. వస్తువు ఒకవైపు, బొమ్మ రెండోవైపు. కేంద్రం రెండింటి మధ్యలో ఉందని చెప్పే గుర్తే ఆ మైనస్.

లెక్క వేద్దాం. కప్పు ఎత్తు 3 మీటర్లు. సూర్యుడి దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. స్కేల్ ఫ్యాక్టర్ మైనస్ 5,000 కోట్లలో ఒక వంతు. సూర్యుడి వ్యాసం దాదాపు 13.9 లక్షల కిలోమీటర్లు కాబట్టి చుక్క వ్యాసం 2.8 సెంటీమీటర్ల దగ్గర రావాలి. స్కేలు పెట్టి కొలిచి చూడండి, కన్నం చిన్నదైతే దాదాపు అంతే వస్తుంది.

తోలుబొమ్మలాటలో అలా జరగదు. దీపం వెనక, తెర ముందు, బొమ్మ మధ్యలో. దీపమే కేంద్రం. బొమ్మా నీడా దానికి ఒకే వైపున ఉంటాయి. అందుకే నీడ పెద్దదైనా తల తలలాగే పైన ఉంటుంది. అది ధన స్కేల్ ఫ్యాక్టర్. మైనస్‌కీ సైజుకీ సంబంధం లేదని ఇక్కడే తేలిపోతుంది. సైజు చెప్పేది అంకె, వైపు చెప్పేది గుర్తు. అంకె 1 కంటే ఎక్కువైతే పెద్దది, తక్కువైతే చిన్నది. మైనస్ 1 అయితే అదే సైజు, సగం తిరుగుడు.

ఇప్పుడు సూత్రం: కొత్త బిందువు = కేంద్రం + స్కేల్ ఫ్యాక్టర్ × (పాత బిందువు − కేంద్రం). కేంద్రం (1, 2), స్కేల్ ఫ్యాక్టర్ −2, శీర్షాలు (3, 3), (4, 2), (3, 5) అనుకోండి. మొదటి శీర్షం కేంద్రం నుంచి కుడికి 2, పైకి 1 దూరంలో ఉంది. −2తో గుణిస్తే ఎడమకి 4, కిందికి 2. కేంద్రం నుంచి అలా వెళ్తే (−3, 0). మిగతావి (−5, 2), (−3, −4). కేంద్రాన్ని తీసేయడం మర్చిపోయి నేరుగా −2తో గుణించేస్తే (−6, −6) వస్తుంది. ఆప్షన్లలో అదీ ఉంటే ఎక్కువమంది పడేది అక్కడే. వైశాల్యం 1 నుంచి 4 అయింది. వర్గం చేస్తాం కాబట్టి అక్కడ మైనస్ మిగలదు.

అద్దం బొమ్మతో తేడా కూడా ఇక్కడే పట్టుకోండి. శీర్షాలను వరసగా చుట్టి రండి. పాత త్రిభుజంలో గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగితే కొత్తదాంట్లోనూ అలాగే తిరుగుతారు. పరావర్తనంలో ఆ దిశ మారిపోతుంది. ఇది పరావర్తనం కాదు, భ్రమణం.

మైనస్ స్కేల్ ఫ్యాక్టర్‌ని మీరు పదో తరగతి భౌతికశాస్త్రంలోనే చూశారు, పేరు వేరు. కటకాల పాఠంలో ఆవర్ధనం రుణాత్మకమైతే నిజ ప్రతిబింబం, తలకిందులు అని బట్టీ పట్టాం కదా. అదే ఇది.

దీంతో నాకు బాగా నచ్చే ఉపయోగం ఒకటుంది. త్రిభుజంలో గురుత్వకేంద్రం ప్రతి మధ్యగతాన్నీ 2:1గా విభజిస్తుంది. అంటే గురుత్వకేంద్రం నుంచి −1/2తో మారిస్తే ప్రతి శీర్షం ఎదుటి భుజం మధ్యబిందువు మీద పడుతుంది. మధ్యబిందువులతో ఏర్పడే చిన్న త్రిభుజం చుట్టుకొలత సగం, వైశాల్యం నాలుగో వంతు అని ఇక వేరే నిరూపించక్కర్లేదు. పెద్ద త్రిభుజం భుజాల లంబ సమద్విఖండన రేఖలే చిన్నదానికి ఉన్నతులు. కాబట్టి పెద్దదాని లంబకేంద్రం వెళ్లి దాని పరివృత్త కేంద్రం మీద పడుతుంది. మూడు కేంద్రాలూ ఒకే రేఖపై ఉంటాయని, గురుత్వకేంద్రం మిగతా రెండింటి మధ్య దూరాన్ని లంబకేంద్రం వైపు నుంచి 2:1గా విభజిస్తుందని ఇంటర్లో కంఠస్థం చేసింది ఇదే. రెండు వాక్యాల్లో అయిపోయింది.

ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో ఇంజినీరింగ్ చదివేవారు సాఫ్ట్‌వేర్లోనూ దీన్ని గమనించాలి. ఆటోక్యాడ్‌లో స్కేల్ కమాండ్‌కి మైనస్ విలువ ఇస్తే తీసుకోదు. అదే బ్లాక్‌ని చొప్పించేటప్పుడు ఎక్స్‌కి మాత్రమే −1 ఇస్తే అద్దం బొమ్మ, ఎక్స్, వై రెండింటికీ −1 ఇస్తే 180 డిగ్రీల తిరుగుడు. వెబ్ డిజైన్ కోసం సీఎస్‌ఎస్ రాసేవారికీ ఇదే తీరు. త్రీడీలో మాత్రం జాగ్రత్త. మూడు అక్షాలకూ −1 ఇస్తే అది భ్రమణం కాదు, కుడికాలి చెప్పు ఎడమకాలి చెప్పు అయినట్టు వస్తువు వాటమే మారిపోతుంది. −1ని మూడుసార్లు గుణిస్తే మైనస్సే మిగులుతుంది కదా. ఇంటర్వ్యూలో అడిగితే ఈ తేడా చెప్పగలిగితే చాలు.

ఒకటి మీరే చేయండి. (1, 0) వెళ్లి (5, 4) అయింది. (3, 0) వెళ్లి (−1, 4) అయింది. కేంద్రం ఎక్కడ, స్కేల్ ఫ్యాక్టర్ ఎంత? పాత బిందువును దాని కొత్త బిందువుతో కలపండి. రెండు గీతలూ (2, 1) దగ్గర ఖండించుకుంటాయి. 2 యూనిట్ల భుజం ఎదురు దిశలో 6 అయింది కాబట్టి జవాబు −3.