పుట్టిన నెలకో పూస!

జనవరికి ఎర్రటి గార్నెట్, మే నెలకు పచ్చ, సెప్టెంబరుకు నీలం... పూసలమ్మే దుకాణాల్లో 'జన్మరాళ్ల' డబ్బాలు పిల్లల్నీ పెద్దల్నీ ఒకేలా ఊరిస్తుంటాయి. ఆ డబ్బా మూత తీసేముందు దాని కథేంటో తెలుసుకుందామా!

ఇంటి దగ్గర్లోని క్రాఫ్టు సామాన్ల దుకాణానికి ఓ సాయంత్రం వెళ్లి చూడండి. అరల నిండా పూసలే. గాజువి, చెక్కవి, మట్టివి, రాతివి. ''ఆంటీ, నేను జులైలో పుట్టాను. నాదే రాయి?'' అని ఓ పాప అడుగుతుంది. ''కెంపమ్మా'' అంటుంది దుకాణం ఆవిడ. అమ్మది ఫిబ్రవరి, నాన్నది నవంబరు, తమ్ముడిది జూన్. ఊదా, పసుపు, తెలుపు... వాటి పక్కన తన ఎరుపు. ఇంటిల్లిపాదీ ఒకే దారానికి ఎక్కేస్తారు. ఇంకేముంది, అమ్మ పుట్టినరోజుకు కానుక సిద్ధం!

చూడముచ్చటైన ఆలోచనే. చిక్కంతా ఎక్కడంటే... 'మీ నెలకు ఈ రాయే పెట్టుకోవాలి' అన్నమాట నమ్మి, గాజుపూసకు కెంపు ధర చెల్లించినప్పుడు.

జాబితా రాసిందెవరు?

పన్నెండు రాళ్ల ముచ్చట పాతదే. బైబిల్లో ప్రధాన యాజకుడైన అహరోను వక్షపతకం మీద 12 రాళ్ల ప్రస్తావన ఉంది. కానీ ఇప్పుడు దుకాణాల్లో కనిపించే నెలవారీ పట్టిక వయసు నూటపాతికేళ్లు కూడా కాదు. 1912లో అమెరికాలోని కాన్సస్ నగరంలో నగల వ్యాపారుల సంఘం సమావేశమై ఈ జాబితాను ఖాయం చేసింది. దేశమంతటా దుకాణాలు ఒకే లెక్క చెప్పాలన్నది వాళ్ల ఆలోచన. 1952లో అందులో మార్పులు చేశారు. 1967లో టాంజానియాలో బయటపడిన టాంజనైట్‌ను 2002లో డిసెంబరు ఖాతాలో వేశారు. 2016లో ఆగస్టుకు స్పైనెల్‌ను చేర్చారు. అంటే... కొత్త రాయి దొరికితే జన్మరాయీ కొత్తది వస్తుందన్నమాట!

మన నవరత్నాల లెక్క పూర్తిగా వేరు. సూర్యుడికి కెంపు, చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం, బుధుడికి పచ్చ, శనికి నీలం... ఇలా అది గ్రహాలను బట్టి నడిచే పద్ధతి. ఇంగ్లిషు నెలతో దానికి సంబంధం లేదు. జాతకం చూపించుకుని రాయి పెట్టుకునేవాళ్లూ, సరదాగా నెల పూస వేసుకునేవాళ్లూ ఈ రెంటినీ కలిపేసుకోకపోతే చాలు.

పూసలు మనకు కొత్తా?

మెళ్లో నల్లపూసలు, పసిపిల్లల చేతికి దిష్టిపూసలు... పూసకో అర్థం చెప్పడం మనింట్లో ఎప్పటినుంచో ఉన్నదే. పూసల తయారీలోనూ మనది పెద్ద చెయ్యే. తిరుపతికి దగ్గర్లో, ఏర్పేడు మండలంలోని పాపానాయుడుపేట గాజుపూసలకు పేరుపొందిన ఊరు. కొలిమిలో కరిగిన గాజుముద్దను ఇనుపగొట్టానికి పట్టించి, మధ్యలో బోలు ఉండేలా సన్నని గొట్టంగా లాగడం అక్కడి పద్ధతి. ఆ గొట్టాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి, బూడిదలో కలిపి మళ్లీ వేడి చేస్తే అంచుల పదును పోయి గుండ్రటి పూసలవుతాయి. దాదాపు రెండువేల ఏళ్లనాడు పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో చేసిన పూసలదీ ఇదే తరహా. ఆ పూసలు సముద్రాలు దాటి ఆగ్నేయాసియాకు వెళ్లాయి. కాబట్టి గాజుపూస అంటే చిన్నచూపు అక్కర్లేదు. గాజును గాజని చెప్పి అమ్మితే చాలు.

రాయా... గాజా?

పూసను చెంపకు ఆనించండి. రాయి చల్లగా తగులుతుంది, గాజు అంత చల్లగా ఉండదు. భూతద్దంలో చూస్తే గాజులో చిన్నచిన్న గాలిబుడగలు కనిపించొచ్చు. రంగు వేసిన రాళ్లకైతే రంధ్రం అంచుల్లో, పగుళ్లలో రంగు చిక్కగా పేరుకుంటుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదితో ఒక పూసను తుడిస్తే కొన్ని రంగులు దూదికి అంటుకుంటాయి (ముత్యాల మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు). డిసెంబరు రాయి టర్కాయిస్ పేరుతో అమ్మేవాటిలో రంగేసిన హౌలైట్ చాలానే ఉంటుంది. నవంబరు రాయి సిట్రిన్‌లో ఎక్కువభాగం ఎమెథిస్ట్‌ను వేడిచేసి పసుపురంగు తెప్పించినదే! ఇవన్నీ ఇంటి చిట్కాలు. ఖరీదైన రాయి కొంటుంటే మాత్రం రత్నపరీక్ష కేంద్రం ఇచ్చిన ధ్రువపత్రం అడగాల్సిందే.

గుచ్చేద్దామా!

బ్రేస్‌లెట్‌తో మొదలుపెట్టడం తేలిక. ముందు మణికట్టు కొలిచి, దానికి అరంగుళం నుంచి అంగుళం దాకా కలపండి. ఏడంగుళాల బ్రేస్‌లెట్‌కు కొక్కెం పోగా 8 మిల్లీమీటర్ల పూసలు ఓ 20 పడతాయి. గేర్ వైరు, రెండు గేర్ లాకులు, కొక్కెం, రింగు, ఓ చిన్న పట్టకారు ఉంటే సరిపోతుంది. పూసల్ని ముందు తువ్వాలు మీద వరసగా పేర్చుకోండి. దొర్లిపోకుండా ఉంటాయి, రంగుల పొందికా తెలుస్తుంది.

వైరుకు గేర్ లాక్ ఎక్కించి, కొక్కెం రింగులోంచి తిప్పి, మళ్లీ అదే లాక్‌లోంచి వెనక్కి లాగి పట్టకారుతో గట్టిగా నొక్కేయాలి. పూసలన్నీ ఎక్కాక రెండోవైపూ అంతే. మరీ బిగించారంటే దండ కర్రలా నిలబడుతుంది. కాస్త సందు వదలాలి.

ముత్యాలకైతే పట్టుదారం, పూసకూ పూసకూ మధ్య ఓ ముడి. ఒకదానికొకటి ఒరుసుకోవు, దారం తెగినా ఒకటో రెండో రాలతాయి తప్ప దండంతా చెల్లాచెదురు కాదు. ముత్యం మెత్తన. సెంటు, హెయిర్ స్ప్రే పడితే మెరుపు తగ్గుతుంది. అందుకే అలంకరణంతా అయ్యాక వేసుకోవాలి, ఇంటికి రాగానే ముందు తీసేయాలి.  చిన్నపిల్లలున్న ఇంట్లో పూసల డబ్బా వాళ్లకు అందకుండా ఉంచడం మరవద్దు.

ఏ నెలకు ఏది?

జనవరి- గార్నెట్, ఫిబ్రవరి- ఎమెథిస్ట్, మార్చి- ఆక్వామెరైన్, ఏప్రిల్- వజ్రం, మే- పచ్చ, జూన్- ముత్యం, జులై- కెంపు, ఆగస్టు- పెరిడాట్, సెప్టెంబరు- నీలం, అక్టోబరు- ఓపల్, నవంబరు- టోపాజ్, డిసెంబరు- టర్కాయిస్.

ఏప్రిల్లో పుట్టినవాళ్లేం కంగారుపడక్కర్లేదు. తెల్లటి గాజుపూస ఉండనే ఉంది! వ్యాపారులు జాబితాను ఇంకెన్నిసార్లయినా మార్చుకోనివ్వండి. ఎనిమిదేళ్ల పిల్ల నాలుక బయటపెట్టి, కళ్లు చికిలించి గుచ్చిన దండలో ఏ పూస ఎవరిదో అమ్మకు తెలుసు. దారం తెగితే మంచం కిందికి దూరి మరీ వెతుకుతుంది... అది కెంపైనా, గాజైనా!