క్రీడాకారుల తుంటి నొప్పి – తైలమర్దనకు ముందు తెలుసుకోవలసినవి

తుంటి నొప్పి వార్ధక్య లక్షణమని మన ఇళ్లలో చిరకాలంగా ఉన్న నమ్మకం. అయితే నా వద్దకు ఈ బాధతో వచ్చేవారిలో పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు కూడా ఉంటున్నారు. బ్యాడ్మింటన్ ఆడేవారు, పరుగుపందేలకు సిద్ధమయ్యేవారు, పోలీసు ఎంపికల కోసం తెల్లవారుజామున రోడ్డుపై పరుగెత్తే యువకులు వీరిలో అధికం. 'గజ్జలో పట్టేసింది, ఏదైనా తైలం ఇవ్వండి' అన్నదే అందరి మాట.

సుశ్రుతాచార్యుడు శారీరస్థానంలో సంధులను ఎనిమిది విధాలుగా విభజించి, గజ్జలోని వంక్షణ సంధిని 'ఉలూఖల సంధి' అన్నాడు. ఉలూఖలమంటే రోలు. కటి ఎముకలోని గుంట రోలు కాగా, తొడ ఎముక తల అందులో తిరిగే పొత్రం. రోలు అంచు చుట్టూ మృదులాస్థితో కూడిన పట్టీ ఒకటి ఉంటుంది. పొత్రం గుండ్రంగా ఉన్నంతకాలం చిక్కులేదు. కొందరిలో తొడ ఎముక తల, మెడ కలిసేచోట చిన్న బొడిపె ఉండి, కాలు మడిచి తిప్పినప్పుడల్లా అంచును ఒరుసుకుంటూ ఆ పట్టీని చీలుస్తుంది. క్రమంగా కీలే అరిగిపోతుంది. స్విట్జర్లాండుకు చెందిన శస్త్రవైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్, ఆయన సహచరులు 2003లో దీనిని విశదీకరించారు. ఎముకల ఎదుగుదల పూర్తికాని వయసులో ఫుట్‌బాల్, ఐస్ హాకీ, బాస్కెట్‌బాల్ తీవ్రంగా ఆడిన పిల్లల్లో ఈ బొడిపె హెచ్చుగా ఏర్పడుతున్నదని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

గాయాలు పెరిగాయనటంలో కొంత నిజం, అవి కనబడటం పెరగటమే. పూర్వం 'నరం పట్టింది' అని వదిలేసినవి నేడు ఎమ్మారై పరీక్షలో బయటపడుతున్నాయి. కాని ఏడాది పొడవునా ఒకే ఆటను విరామం లేకుండా ఆడించటం కూడా కారణమే. టెన్నిస్ వీరుడు ఆండీ ముర్రే 2018లో తుంటికి శస్త్రచికిత్స చేయించుకున్నా నొప్పి తగ్గక, 2019 జనవరిలో తొడ ఎముక తలకు లోహపు తొడుగు వేయించుకోవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఆంట్వెర్ప్‌లో విజేతగా నిలిచాడు. ఇటువంటి పునరాగమనం అందరికీ సాధ్యమని భ్రమపడరాదు.

ఇక అసలు ప్రమాదం. పరుగు అకస్మాత్తుగా పెంచినవారికి తొడ ఎముక మెడలో సన్నని బీట ఏర్పడవచ్చు. లక్షణం గజ్జలో నొప్పి మాత్రమే. కండరం పట్టిందనుకుని మర్దన చేయించి మళ్లీ పరుగెత్తితే, ఆ బీట పూర్తిగా విరిగి పక్కకు జరగవచ్చు. అప్పుడు ఎముక తలకు రక్తప్రసరణ ఆగి అది నిర్జీవమయ్యే ముప్పు ఉంది. అమెరికా క్రీడాకారుడు బో జాక్సన్‌కు 1991 జనవరిలో తుంటి దెబ్బతిని, రక్తం అందక ఎముక తల చెడిపోగా, 1992లో కృత్రిమ కీలు అమర్చారు.

కనుక కాలు మోపితే నొప్పి, రాత్రివేళ నొప్పి, కుంటు – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మర్దన చేయరాదు. వెంటనే ఎముకల వైద్యునికి చూపించాలి. సన్నని బీట మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చును గనుక ఎమ్మారై అవసరమా అని అడగాలి. పది నుంచి పదహారేళ్ల పిల్లలు మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే తుంటిని కూడా పరీక్షింపజేయాలి. తుంటి బాధ మోకాటిలో తెలియటం కద్దు. ఈ వయసులో తొడ ఎముక తల జారే వ్యాధి ఉన్నది. అందులో జాప్యం పనికిరాదు.

ఇవేవీ కావని, కేవలం కండరాల బెణుకేనని తేలిన తరువాతనే మన చికిత్స. తొలి రెండు రోజులు చన్నీటి గుడ్డ, విశ్రాంతి చాలు, కాపడం వద్దు. వాపు తగ్గాక వావిలి ఆకులను ఆముదంలో వెచ్చచేసి, గుడ్డలో మూటకట్టి, చర్మం ఓర్చుకునే వేడిలో పూటకు పది నిమిషాలు కాపడం పెట్టాలి. మహానారాయణ తైలాన్ని అదిమి రుద్దక, పైపైన రాస్తే చాలును. గుగ్గులు యోగాలను వైద్యుని సలహా లేకుండా సేవించరాదు. ఆహారంలో రాగులు, నువ్వులు, మునగాకు, నల్లేరు పచ్చడి తరచుగా ఉండాలి. నల్లేరు దురద పుట్టిస్తుంది గనుక లేతకాడలనే నార తీసి, బాగా వేయించి, చింతపండుతో చేయాలి.

వ్యాయామం అర్ధశక్తి మేరకే చేయాలని సుశ్రుతుడు చెప్పాడు. నుదుట, చంకల్లో చెమట పట్టటం, నోరు ఎండటం, నోటితో ఊపిరి తీయవలసి రావటం దానికి గుర్తులు. పోటీలో దిగేవానికి ఇది చాలదనటం నిజమే. అయినా ఎదిగే పిల్లల నిత్యసాధనకు ఈ హద్దు తగినదని నా అభిప్రాయం. వారానికి ఒకరోజు పూర్తి విశ్రాంతి, ఏడాదిలో కొన్ని నెలలు వేరొక ఆట ఉండేలా చూడమని శిక్షకులను తల్లిదండ్రులే అడగాలి. నొప్పి తగ్గిన పిల్లవాణ్ణి మొదట వారం నడిపించి, ఒంటికాలిపై నిలబడినా, మెట్లు ఎక్కినా గజ్జలో నొప్పి లేదని చూసుకున్న తరువాతనే పరుగుకు అనుమతించండి.