రాతి దూలం, కర్ర దూలం

స్తంభం మీద దూలం, దూలం మీద కప్పు. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయ మండపాల నిర్మాణ సూత్రం ఇంతే. 16వ శతాబ్దం తొలి సగంలో, విజయనగర రాజు అచ్యుత దేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు దీన్ని కూర్మశైలం మీద కట్టించారు. కొండబండే పునాది కాబట్టి నేల కుంగుతుందన్న దిగులు లేదు.

నల్లరాయి నెత్తిన పెద్ద బరువు పెట్టినా నలగదు. అదే రాయిని దూలంగా అడ్డంగా వేస్తే మాత్రం, పొడవు పెరిగేకొద్దీ నడిమధ్య విరిగే ప్రమాదం ఉంటుంది. అందుకే స్తంభాలు అంత దగ్గరదగ్గరగా ఉంటాయి. స్తంభం తలమీద ఇరువైపులా ముందుకు చాచిన పోతిక, దూలానికి ఆసరా లేని పొడవును ఇంకాస్త తగ్గిస్తుంది. ఇక్కడి వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగడం సందర్శకులకు సరదా. ఒక స్తంభం నేలను సరిగా ఆనకపోయినా పైదూలాలు బరువును పక్క స్తంభాలకు అందిస్తాయి. మాయ అనడం కన్నా ఈ లెక్క చెప్పడమే శిల్పులకు న్యాయం.

చైనా వడ్రంగులు ఇదే స్తంభం–దూలం పద్ధతిని కర్రతో సాధించారు. అక్కడ గోడ కేవలం అడ్డు. కప్పును మోసేది కర్ర చట్రం. స్తంభం తలమీద చిన్న దిమ్మెలు, అడ్డకర్రలు ఒకదానిలో ఒకటి ఇమిడేలా అంతస్తులుగా పేర్చి, బాగా ముందుకు వచ్చే చూరును నిలబెడతారు. దీని పేరు దౌగోంగ్. పని మన పోతికదే, కాకపోతే ఒకే రాయికి బదులు అనేక ముక్కలు. 1103లో అచ్చయిన లీ జియే గ్రంథం ‘యింగ్‌జావ్ ఫాషి’ ఈ ముక్కల కొలతలన్నింటినీ ఒక ప్రమాణ దుంగను బట్టి నిర్ణయించింది. ఆ గ్రంథంలోని వడ్రంగి పరిభాష మరుగునపడ్డాక, చైనా వాస్తు చరిత్రకారుడు లియాంగ్ సిచెంగ్ పాత వడ్రంగులను అడిగి, కట్టడాలను కొలిచి దాన్ని మళ్లీ చదివాడు. 1937లో ఆయన, భార్య లిన్ హుయియిన్ వూతాయ్ కొండల్లో 857 నాటి కర్ర ఆలయాన్ని గుర్తించారు.

మన రాతిపనిలోనూ కర్ర జాడ ఉంది. విజయనగర మండపాల వంపు చూరు అడుగున కనిపించే గీతలు కర్రవాసాలకు రాతి అనుకరణ.

1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని అయిన పెనుకొండలో పద్ధతి మారింది. గగనమహల్‌లో దూలాలతో పాటు సున్నంతో కట్టిన కమానులు వచ్చాయి. కమాను బరువును వంపు వెంట పక్కలకు నెడుతుంది కాబట్టి పొడవాటి రాతిదూలం అక్కర్లేదు.

ఇక మామూలు ఇళ్లకు వస్తే, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల పాత మట్టిమిద్దెల్లో కర్రదే రాజ్యం. దూలాల మీద అడ్డకర్రలు, వాటి మీద కంప, మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. చౌడులోని ఉప్పుల వల్ల తడిసిన మట్టి రేణువులు విడిపోయి సందులను పూడ్చేస్తాయి. నీరు కిందికి దిగదు. వానకు కొట్టుకుపోయిన చోట, వానకారు మొదలయ్యేలోపే కొత్త చౌడు పోసి చదును చేసుకోవాలి.