రీలరు చేతులెత్తేస్తే కూలి డబ్బు రాబట్టేదెట్ల?



ఈ వారం చాకీ గురించి కాదు, ఊజీ ఈగ గురించీ కాదు. మన గూళ్లు మార్కెట్టు దాటినాక వాటిని వేడి నీళ్లలో వేసి దారం తీసే చేతుల సంగతి రాస్తున్నాను. ఆ చేతుల్లో చానా మటుకు మన ఇండ్లవే. తోటలో ఆకు లేనప్పుడు, బోరు ఎండినప్పుడు, పంటకూ పంటకూ మధ్య మన ఆడవాళ్లే రీలింగు యూనిట్లకు కూలికి పోతారు.

మా వదిన శిడ్లఘట్ట తాలూకాలో ఒక చిన్న కాటేజ్ బేసిన్ యూనిట్లో పని చేసేది. మొత్తం ఎనిమిది మంది పనోళ్లు. దినానికి 400 రూపాయలు, వారం వారం బటవాడ. మూడేండ్లు ఏ గొడవా లేదు. పండక్కి చీర కూడా పెట్టేవాడు సావుకారు. మొన్న సంక్రాంతి దాటినాక ఒక వారం బటవాడ తప్పింది. ఆ మరుసటి వారం చేతిలో 500 పెట్టి, "మిగిలింది నూలు అమ్ముడుపోతానే ఇస్తానమ్మా" అన్నాడు. ఇట్ల నాలుగు దఫాలు 500 చొప్పున ఇచ్చినాడు, అంతే. ఒకరోజు పొద్దున పోతే బాయిలరు రాజుకోలేదు. గేటుకు బీగం వేసి ఉంది.

ఆ సావుకారు నాకూ తెలిసిన మనిషే. నా గూళ్లకు రెండు మూడు సార్లు ఎక్కువ పాడి కొన్నాడు. నా డబ్బు నాకు బ్యాంకు ఖాతాలో పడింది. కర్ణాటకలో 1959 నాటి చట్టం ప్రకారం గూళ్లు సర్కారీ మార్కెట్లోనే అమ్మాల, కొనే రీలరుకు లైసెన్సు ఉండాల. ఆ ఏర్పాటు రైతుకు ఒక గొడుగు. అవే గూళ్లను ఉడికించి దారం తీసిన మా వదినకు మాత్రం ఆ గొడుగు లేదు. నా గూడు డబ్బు నాకు వచ్చింది, ఆమె కూలి డబ్బు ఆగిపోయింది. ఇద్దరమూ ఒకే ఇంట్లో అన్నం తింటాము. అప్పుడు మేం తిరిగిన దారి, తెలుసుకున్న సంగతులు మీకు పనికొస్తాయని రాస్తున్నాను.

సావుకారు నిజంగానే కష్టంలో ఉంటే?

మొదట ఈ మాట ఒప్పుకోవాల. చిన్న రీలరు మోసగాడే అయి ఉండాలని ఏమీ లేదు. గూళ్లకు డబ్బు ముందు కట్టాల. నూలు అమ్మినాక డబ్బు వచ్చేది ఎప్పుడో. వ్యాపారి అప్పు పెడతాడు. ఈ మధ్యలో నూలు రేటు పడితే, తడిసిన గూళ్లు వచ్చి దారం తెగితే, ఒక కిలో నూలుకు పట్టే గూళ్లు పెరిగితే సావుకారు చేతిలో ఉన్న పెట్టుబడి కరిగిపోతుంది. కట్టెలు, కరెంటు, బ్యాంకు కంతు ఆగవు. ఆపడానికి తేలికైనది కూలోళ్ల డబ్బే. ఎందుకంటే వాళ్లు అడగరు, అడిగినా కాగితం మీద అడగరు.

అందుకే రెండు మాటలు గుర్తుంచుకోండి. కష్టం నిజమైనా బాకీ బాకీనే. వ్యాపారంలో లాభం వస్తే పనోళ్లకు వాటా ఇవ్వరు కదా, నష్టంలో వాటా వాళ్ల నెత్తిన ఎట్ల వేస్తారు? రెండోది: కష్టంలో ఉన్న మనిషి దగ్గర ఆలస్యం చేస్తే మిగిలేది ఏమీ ఉండదు. బేసిన్లు అమ్ముకుంటాడు, లేదంటే బ్యాంకు పట్టుకుంటుంది. జాలి ఉండొచ్చు, తాత్సారం కూడదు.

చట్టం ఏమంటుంది

ఇంతకు ముందు 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ఉండేది. ఇప్పుడు దాని జాగాలో 2019 వేతనాల కోడ్ వచ్చింది. ఇది 2025 నవంబరు 21 నుంచి అమలులో ఉంది. దేశమంతా ఒకటే కాబట్టి హోసూరు, కృష్ణగిరి పక్క ఉండే మనవాళ్లకూ, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలో ఉండేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. మనకు కావలసిన ముక్కలు ఇవి:

దినకూలి అయితే ఆ దినం పని ముగిసేసరికి ఇయ్యాల. వారం కూలి అయితే వారపు సెలవుకు ముందు, చివరి పనిదినాన ఇయ్యాల. నెల సంబళం అయితే మరుసటి నెల 7వ తేదీ లోపల ఇయ్యాల.

పని నుంచి తీసేసినా, మనమే మానేసినా, యూనిట్ మూతపడినా రెండు పనిదినాల లోపల మొత్తం లెక్క తేల్చాల. "మూసేసినాను కాబట్టి ఇయ్యను" అనడానికి లేదు.

మేస్త్రీ ద్వారా పనిలో చేరినా సరే, ఆ మేస్త్రీ ఎగ్గొడితే యూనిట్ యజమానిదే బాధ్యత.

అడ్వాన్సు పట్టుకోవచ్చు. కాని అన్ని కోతలూ కలిపినా ఆ వారం కూలిలో సగం దాటకూడదు.

కూలి ఇయ్యలేదని అర్జీ పెడితే, "ఇచ్చినాను" అని రుజువు చేయాల్సింది యజమాని. మనం కాదు. అయితే అక్కడ పని చేసినామని చూపించుకోవాల్సింది మనమే.

అర్జీకి గడువు మూడేండ్లు. పాత చట్టంలో 12 నెలలే ఉండేది. విచారించే అధికారి బాకీతో పాటు దానికి పదింతల దాకా పరిహారం వేయొచ్చు. ఎంత వేయాల అనేది పరిస్థితి చూసి ఆయన తేలుస్తాడు. పదింతలు వస్తుందని ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. ఆర్డరు అయినాక కూడా ఇయ్యకపోతే భూమి శిస్తు బకాయి రాబట్టినట్లు కలెక్టరు ద్వారా రాబట్టే దారి ఉంది.

అంతకు ముందు లెక్క

మా వదిన దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. పిల్లోడి పాత లెక్కల నోటుబుక్కు. అందులో ప్రతి దినం తేదీ వేసి ఒక గీత, డబ్బు తీసుకున్నప్పుడు పక్కన అంకె. ఇంతకంటే ఏమీ లేదు. అదే మమ్మల్ని కాపాడింది.

సావుకారును ఇంటి దగ్గర పట్టుకుని అడిగినప్పుడు ఆయన లెక్క వేరే ఉండింది. 38 దినాలు పని, 15,200. అందులో చేతికిచ్చిన 2,000, పాత అడ్వాన్సు 8,000 తీసేస్తే ఇవ్వాల్సింది 5,200 అన్నాడు. వదిన బుక్కులో 41 దినాలు ఉన్నాయి, అంటే 16,400. పైగా ఆ 8,000 అడ్వాన్సులో ఆరు వారాలు 500 చొప్పున ముందే పట్టుకున్నాడు. ఆ 3,000 పోతే మిగిలింది 5,000. చేతికిచ్చిన 2,000, అడ్వాన్సు 5,000 తీసేస్తే రావాల్సింది 9,400.

5,200కూ 9,400కూ తేడా 4,200. అంటే పది దినాల కూలికి పైనే. సావుకారు అబద్ధమాడినాడా, మరిచిపోయినాడా అని మేం వాదించలేదు. బుక్కు తెరిచి తేదీలు చదివినాము. ఆ పట్టిన 500లు ఆయన బుక్కులో కూడా ఉన్నాయి, కూడడం మరిచినాడు. "సరేమ్మా, నీదే లెక్క" అన్నాడు. ఆ మాటను ఆ సాయంత్రమే వాట్సాప్‌లో పంపినాము: "సార్, ఈరోజు కూర్చుని చూసిన ప్రకారం నాకు రావాల్సింది 9,400. ఎప్పుడు ఇస్తారో చెప్పండి." ఆయన "వచ్చే నెల" అని జవాబు పెట్టినాడు. నోటి మాట నీటి మూట. ఆ రెండు పదాల జవాబు మాత్రం సాక్ష్యం అయింది.

కాబట్టి పనికి పోయే మీ ఇంటివాళ్లకు చెప్పండి. దినం దినం గీత వేసుకోవాల. ఫోన్‌పేలో వచ్చిన డబ్బు స్క్రీన్‌షాట్ తీసుకోవాల. వాయిస్ మెసేజీలు చెరపకూడదు. తోడు పని చేసినవాళ్ల ఫోన్ నంబర్లు ఉంచుకోవాల.

ఎక్కడికి పోవాల

వచ్చే నెల వచ్చింది, డబ్బు రాలేదు. అప్పుడు మేం చేసినవి వరుసగా:

ఒకటి, ఒక పేజీ ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపినాము. ఎన్ని దినాలు, ఎంత రావాల, 15 దినాల్లో ఇయ్యకపోతే అర్జీ పెడతాము, ఇంతే. తిట్లు లేవు. ఒక కాపీ, పోస్టు రసీదు దాచుకున్నాము.

రెండు, తాలూకా లేబర్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో అర్జీ ఇచ్చినాము. కన్నడంలో రాయించుకుని పోతే పని సులువు. రెండు కాపీలు తీసుకుపోండి, ఒక దాని మీద సీలు వేయించుకోండి. ఎనిమిది మందిలో ఐదుగురు కలిసి పోయినాము. ఒక్కరు పోతే సొంత గొడవ అంటారు, ఐదుగురు పోతే కేసు అంటారు.

మూడు, తాలూకా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల కమిటీ ఉంటుంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పరిశ్రమల్లో పని చేసే కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100, ఏ రాష్ట్రం నుంచైనా చేయొచ్చు. కేసు వేయకముందే రెండు పక్కలను పిలిచి రాజీ కూడా చేస్తారు.

రాజీ, చెక్కు

మా పని అక్కడే తెమిలింది. సావుకారు వచ్చినాడు. తల వంచుకుని కూర్చున్నాడు. "ఒకేసారి ఇచ్చే శక్తి లేదు సార్" అన్నాడు. అప్పుడు వకీలమ్మ అడిగిన ఒక ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: "డబ్బు లేదంటావు సరే, ఏ డబ్బు రావాల్సి ఉంది?" గోదాములో పాత ప్యూపా మూటలు, పట్టు వ్యర్థం ఉన్నాయి. ఒక నూలు వ్యాపారి దగ్గర బాకీ ఉంది. ఆ రాకడను బట్టి కంతులు వేసినారు. వదినకు ఆ దినమే 2,400 చేతికి, మిగిలిన 7,000కు ముందు తేదీలు వేసిన రెండు చెక్కులు, ఒక్కోటి 3,500. మిగిలిన నలుగురికీ ఇట్లనే. రాజీపత్రం లోక్ అదాలత్‌లో నమోదైంది. దానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం, పైన అప్పీలు లేదు.

మొదటి చెక్కు పాసైంది. రెండోది బౌన్సు అయింది. చెక్కు విషయంలో తేదీలు ముఖ్యం, రాసి పెట్టుకోండి. చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలల లోపల బ్యాంకులో వేయాల. బౌన్సు అయినట్లు బ్యాంకు చెప్పిన 30 దినాల లోపల లిఖిత నోటీసు ఇయ్యాల. నోటీసు అందినాక ఇచ్చినవాడికి 15 దినాల గడువు. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత ఒక నెల లోపల కోర్టులో ఫిర్యాదు చేయాల. మేం నోటీసు పంపిన 12వ దినం సావుకారు తానే ఇంటికొచ్చి 3,500 ఇచ్చిపోయినాడు. వదిన కాఫీ ఇచ్చింది. ఆయన తాగినాడు. చెక్కు తిరిగి ఇచ్చేసి, ముట్టిందని కాగితం రాసిచ్చినాము.

చేయకూడనివి

యూనిట్ బీగం పగలగొట్టి నూలో, మోటారో తెచ్చుకుందామని ఒకాయన అన్నాడు. అది చేసుంటే దొంగతనం కేసు మన మీద పడేది, కూలి బాకీ మాట వెనక్కు పోయేది. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయొద్దు. డబ్బు పూర్తిగా చేతికి రాకముందు "మొత్తం ముట్టింది" అని సంతకం పెట్టొద్దు. ఇంకొకటి, "అడ్వాన్సు తీరేదాకా ఇంకెక్కడికీ పోకూడదు" అని ఎవరన్నా కట్టడి చేస్తే అది వెట్టి. 1976 నుంచి చట్టమే దాన్ని నిషేధించింది. తహసీల్దారుకు ఫిర్యాదు చేయొచ్చు.

ఇక మన వంతు

ఇదంతా రాసినాక ఒక మాట మింగుడు పడలేదు. మనమూ యజమానులమే కదా. ఆకు కోసేదానికి, పురుగులను చంద్రికల మీదికి ఎక్కించేదానికి, గూళ్లు విడిపించేదానికి కూలోళ్లను పిలుస్తాము. పాలరోగం వచ్చి పంట పోతే "ఈసారి ఏమీ మిగల్లేదక్కా, వచ్చే పంటకు చూద్దాం" అంటాము. నేనూ అన్నాను, ఒకసారి కాదు. ఆ మాట సావుకారు నోట విన్నప్పుడు గాని అది ఎట్లుంటుందో తెలియలేదు.

ఐదుగురి లోపల కూలోళ్లను సేద్యానికి పెట్టుకుంటే రిజిస్టర్లు రాయాల్సిన పని లేదు. కాని అధికారి అడిగితే కూలి ఇచ్చినట్లు రుజువు చూపాల. మా ఇంట్లో ఇప్పుడు షెడ్డు తలుపు పక్కన ఒక నోటుబుక్కు వేలాడుతోంది. ఎవరు ఏ దినం వచ్చినారు, ఎంత ఇచ్చినాము, పక్కన వాళ్ల సంతకమో వేలిముద్రో. గూడు డబ్బు ఖాతాలో పడిన దినం మొదట ఆ బుక్కు తెరుస్తాము, ఆ తర్వాతే ఎరువుల అంగడి బాకీ.

పోయిన పంట తక్కువే వచ్చింది. 1,200 ఇయ్యాల్సిన ఒకామెకు అప్పు చేసి ఇచ్చినాను. వదిన పక్కన నిలబడి చూసింది, ఏమీ అనలేదు. బుక్కు తీసుకుని ఆ వరుస కొట్టేసింది.

మీ ఊర్లో ఇట్లాంటి బాకీ ఉంటే గ్రూపులో చెప్పండి. పేర్లు వద్దు, తేదీలు, లెక్క చాలు. అర్జీ రాసేదానికి చేతనైన సాయం చేస్తాము.