బంతి 1 మి.మీ. ఆడితే టైరు దగ్గర దాదాపు 5

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 98వ నిబంధన స్టీరింగ్ గురించి చెబుతుంది. స్టీరింగ్ చక్రంలో వృథా కదలిక 30 డిగ్రీలు దాటకూడదని అందులో ఉంది. వినడానికి గట్టి షరతులాగే ఉంటుంది గానీ, లెక్క కడితే సంగతి వేరు. స్టీరింగ్ అడ్డుకొలత 370 మి.మీ. అనుకుంటే, 30 డిగ్రీలంటే అంచు దగ్గర 97 మి.మీ. అరచేతి వెడల్పంత తిప్పినా ముందు చక్రాలు కదలకపోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. అన్ని వాహనాలకూ కలిపి పెట్టిన హద్దు అది. మారుతి కార్ల మాన్యువల్‌లో ఇచ్చే హద్దు 30 మి.మీ. మాత్రమే. సొంత కారుకు చూసుకోవాల్సింది రెండోదాన్నే.

అదే నిబంధనలో ఇంతకంటే పనికొచ్చే మాటలు రెండున్నాయి. స్టీరింగ్ బాల్ జాయింట్లన్నిటికీ రబ్బరు తొడుగు ఉండాలి, బోల్టులూ పిన్నులూ ఊడిపోకుండా లాక్ చేసి ఉండాలి. టై రాడ్ ఎండ్ బతుకంతా ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంది. స్టీరింగ్ ర్యాక్ నుంచి వచ్చే రాడ్డు చివర, చక్రాన్ని తిప్పే ఆర్మ్‌కు బిగించే చిన్న భాగమిది. లోపల గిన్నె, గిన్నెలో ఉక్కు బంతి, చుట్టూ గ్రీజు, పైన రబ్బరు బూట్. బూట్ చిరిగిందా, ఇసుకా నీళ్లూ లోపలికి చేరతాయి. గ్రీజు కడుక్కుపోయాక బంతికీ గిన్నెకీ మధ్య ఖాళీ మొదలవుతుంది. వానాకాలంలో మా బన్సీలాల్‌పేట్ గల్లీల్లో గుంత ఎక్కడుందో తెలియకుండా దింపేసే కార్లకు ఈ గతి త్వరగా పడుతుంది.

ఖాళీ 1 మి.మీ. అనుకుందాం. 165/80 ఆర్14 టైరు అడ్డుకొలత సుమారు 620 మి.మీ. చక్రం కుడి ఎడమలకు తిరిగే ఇరుసు నుంచి టై రాడ్ ఎండ్ దాకా ఆర్మ్ పొడవు 130 మి.మీ. అనుకోండి, ఇది బండిని బట్టి మారుతుంది. 620ని 130తో భాగిస్తే 4.8. అంటే బంతి దగ్గరి 1 మి.మీ. ఖాళీ టైరు ముందు అంచుకూ వెనక అంచుకూ మధ్య 4.8 మి.మీ. తేడాగా బయటపడుతుంది. ఈ తేడానే టో అంటారు. చిన్న కార్లలో చాలావాటికి అది 0కి 1, 2 మి.మీ. అటూ ఇటూ ఉండాలంటారు. ఒక్క జాయింటే ఆ హద్దును దాటించేస్తుంది.

ఆ 4.8ని రెండు చక్రాలూ పంచుకున్నా ఒక్కోదానికి 2.4 మి.మీ. 620 మి.మీ.కి 2.4 అంటే, కిలోమీటరు నడిస్తే టైరు దాదాపు 3.9 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోవడం. బన్సీలాల్‌పేట్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లొస్తే 70 కి.మీ. వేసుకోండి. ఆ ఒక్క ప్రయాణంలో టైరు గంధపుచెక్క సాన మీద అరిగినట్టు 270 మీటర్లు అడ్డంగా రోడ్డుకు రాసుకుంటుంది. నిజానికి వదులు జాయింట్ ఒకచోట నిలవదు, బ్రేక్ వేస్తే ఒకలా, లాగితే ఒకలా కదులుతుంది. కాబట్టి ఇది గరిష్ఠ లెక్క. అరుగుదల మాత్రం చేతికి తెలుస్తుంది. ట్రెడ్ మీద అరచేయి అడ్డంగా రాయండి. ఒక దిక్కున నున్నగా, తిరుగు దిక్కున గరగరా ఉంటే టో తప్పినట్టే.

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. టైరు అరుగుతోందని నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు వెళ్తారు. మిషన్ కొలిచేది నిలబడ్డ బండిని. వదులు జాయింట్ ఆ క్షణాన ఎక్కడుంటే అదే అంకె తెర మీద పచ్చగా వెలుగుతుంది. షాపు దాటి మొదటి స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే ఆ అంకెకు విలువ లేదు. ఖాళీ చూడకుండా అలైన్‌మెంట్ చేసే షాపుకు నా మటుకు నేను రెండోసారి వెళ్లను.

పరీక్షకు ఇద్దరు చాలు. బండి నేల మీదే ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ గబగబా ఆడించాలి. రెండోవారు జాయింట్ మీద వేళ్లు ఆనించాలి. రాడ్డు కదిలాక ఒక క్షణం ఆగి ఆర్మ్ కదులుతోందా, వేళ్లకు టక్‌మని తగులుతోందా, ఎండ్ పోయినట్టే. తర్వాత జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని గడియారంలో 9, 3 స్థానాల్లో పట్టుకుని ఊపండి. 1 మి.మీ. ఖాళీ చేతికి దాదాపు 2.4 మి.మీ.గా తెలుస్తుంది. 12, 6 దగ్గర కూడా ఆడితే బేరింగ్‌నో లోయర్ బాల్ జాయింట్‌నో అనుమానించాలి. బ్రేక్ తొక్కించగానే ఆట ఆగిపోతే బేరింగే.

సామాను కోసం పక్కనే రాణీగంజ్ ఉంది. కౌంటర్ దగ్గర "అన్నా, టై రాడ్ ఎండ్ ఇయ్యి" అంటే ఎదురు ప్రశ్నలే ముందు: "ఏ బండి? ఏ సంవత్సరం? పవర్ స్టీరింగా, మామూలుదా? లెఫ్టా, రైటా?" పాతది విప్పి తీసుకెళ్లి పక్కన పెట్టి చూపించడం ఉత్తమం. టేపర్ (ఆర్మ్ కన్నులో కూర్చునే, కొసకు సన్నబడే బోల్టు భాగం), మర పక్కాగా కలవాలి. ఒకటి పోతే రెండూ మార్చాలన్న రూలేమీ లేదు. అయితే అలైన్‌మెంట్ ఖర్చు ఎలాగూ ఒకటే కాబట్టి, రెండోదానికీ బూట్ చిరిగి ఉంటే ఇప్పుడే మార్చేయండి.

విప్పడంలో అసలు కష్టం టేపర్ దగ్గరే. రాడ్డు మీది చెక్ నట్టును ముందు కొద్దిగా వదులు చేసి, మర ఎక్కడిదాకా ఉందో గుర్తు పెట్టుకోవాలి. స్ప్లిట్ పిన్ లాగి, పై నట్టును చివరి మరల దాకా తెచ్చి అక్కడే ఉంచాలి. పుల్లర్ ఉంటే సరే. లేకపోతే ఆర్మ్ కన్ను పక్క భాగాన సుత్తితో రెండు గట్టి దెబ్బలు వేస్తే టక్కున వదులుతుంది. బోల్టు తల మీద కొడితే మర చెడుతుంది, టేపర్ మాత్రం కదలదు. ఎన్ని చుట్లకు పాతది ఊడిందో అన్ని చుట్లకే కొత్తది ఎక్కించాలి. టేపర్‌ను పొడిగా తుడిచి పెట్టాలి, నూనె రాయకూడదు. నట్టు బిగింపు మాన్యువల్ చెప్పినంత. చిన్న కార్లలో ఇది సాధారణంగా 40, 50 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పిన్ రంధ్రం కలవకపోతే నట్టును వెనక్కి తిప్పొద్దు, ఇంకాస్త బిగించి కలపాలి. పాత స్ప్లిట్ పిన్ మళ్లీ వాడొద్దు.

చుట్లు సరిగ్గా లెక్కపెట్టాం కదా, అలైన్‌మెంట్ ఎందుకనే మెకానిక్కులు ఉన్నారు. మర పిచ్ 1.5 మి.మీ. అయితే ఒక్క చుట్టు తేడాకు ఆ చక్రం టో 7 మి.మీ. మారుతుంది. పావు చుట్టుకే 1.8. పైగా కొత్త ఎండ్ పాతదానికి అచ్చు అదే పొడవుండదు. అందుకే బండిని అలైన్‌మెంట్ షాపు దాకా మెల్లగా నడిపి తీసుకెళ్లాలి. సర్దకముందూ సర్దిన తర్వాతా వచ్చిన అంకెలు రెండూ ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి. స్టీరింగ్ తిన్నగా పెట్టి లాక్ చేశాకే టో సర్దమనండి, లేదంటే చక్రాలు సూటిగానే ఉన్నా స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది.