పేగు పూత... పథ్యం ఎంతవరకు?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం... షిఫ్టు మారినప్పుడల్లా ఇక్కడ తిండివేళలూ మారిపోతాయి. రాత్రి డ్యూటీలో ఆకలేస్తే చిప్స్ ప్యాకెట్టో, నూడుల్సో. విరేచనంలో నెత్తురు పడితే 'వేడి చేసింది' అనో, 'మొలలేమో' అనో సరిపెట్టుకోవడం మామూలే. కానీ వారాల తరబడి తగ్గకపోతే అది పేగు పూత కావచ్చు. వైద్యులు ఐబీడీ అంటారు. పెద్దపేగుకే పరిమితమైతే అల్సరేటివ్ కొలైటిస్. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా వచ్చేది క్రాన్స్.

పల్లెకూ పాకింది

ఒకప్పుడు ఇది పట్నాల జబ్బనుకునేవారు. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి వైద్యులు పొట్ట సమస్యలున్న 30 వేల మందికి పైగా పరీక్షించి, ఫలితాలను 2023లో ప్రకటించారు. నగరంలోనూ, పల్లెల్లోనూ ఐబీడీ దాదాపు ఒకే స్థాయిలో కనిపించింది!

తిండికేం సంబంధం?

మన దేశంతో సహా 21 దేశాల్లో లక్షా 16 వేల మందిపై జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. చిప్స్, బిస్కెట్లు, శీతల పానీయాల వంటి ఫ్యాక్టరీ తిండి రోజుకు 5 సార్లు, అంతకు మించి తీసుకునేవారికి ఐబీడీ ముప్పు 80 శాతం ఎక్కువని తేలింది. పాలు, పండ్లు, కూరగాయలు, పప్పులు, మాంసంతో అలాంటి సంబంధం కనబడలేదు. అలాగని జబ్బుకు తిండొక్కటే కారణం కాదు. వంశపారంపర్యం, రోగనిరోధక వ్యవస్థ తీరు, పేగులోని సూక్ష్మజీవులు... అన్నింటికీ పాత్ర ఉంది.

ఎప్పుడేం తినాలి?

జబ్బు ముదిరినప్పుడు మెత్తటి అన్నం, ఇడ్లీ, పెసరపప్పు, గుడ్డు, తొక్కతీసి ఉడికించిన సొరకాయ, బీరకాయ తేలిగ్గా ఒంటబడతాయి. పచ్చికూరలు, వేపుళ్లు, మితిమీరిన కారం అప్పటికి పక్కన పెట్టాలి. పాలు పడకపోతే మానాలి. నీళ్లు, ఓఆర్‌ఎస్ తగ్గకూడదు.

నెమ్మదించాక జొన్నరొట్టె, ఆకుకూరలు కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టొచ్చు. పేగు సన్నబడినవారు మాత్రం పీచుపదార్థం గురించి వైద్యుణ్నడగాలి.

అసలు ప్రమాదం

నెలల తరబడి మజ్జిగన్నంతోనే సరిపెట్టుకుంటే రక్తహీనత, నీరసం తప్పవు. అంతకన్నా ప్రమాదం పథ్యం ఉంది కదా అని మందులు మానేయడం. పథ్యం మందుకు తోడే తప్ప బదులు కాదు. క్రాన్స్ ఉన్న పిల్లలకు కొన్ని వారాల ద్రవాహారమే చికిత్సగా ఇచ్చే పద్ధతీ ఉంది. అదీ వైద్యుల పర్యవేక్షణలోనే.

మన దేశంలో పేగు క్షయ కూడా క్రాన్స్‌లాగే కనిపిస్తుంది. రెంటికీ మందులు వేరు. అందుకే నెత్తురు విరేచనాలు, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, జ్వరం ఉంటే ఊహల్లో కాలయాపన వద్దు. కొలనోస్కోపీ, ముక్క పరీక్షలతోనే నిజం తేలేది.